ఎదురు సందు

చివరి మగ్గం ఆగి, దాని మీద ఎర్ర దీపం వెలిగింది. పడుగులో పోగు తెగింది. ఆమె మగ్గం మీదికి వంగి అరచేతిని పోగుల మీద పరిచి, మెల్లగా ఒక పక్క నుంచి రెండో పక్కకు జరిపింది. ఒకచోట వేలికి ఖాళీ తగిలింది. రెండు కొసలూ పట్టుకుని ముడి వేసింది. మిగిలిన దారాన్ని కత్తెరతో తీసేసింది. పంటితో తెంపితే ముడికి తడి తగులుతుందని కొత్తలో పెద్దక్క చెప్పింది. మీట లాగగానే మగ్గం కదిలింది.

తల ఎత్తేసరికి పెద్దక్క చూస్తూ ఉంది. వరసకు ఇటు సందులో ఆమె, అటు సందులో పెద్దక్క. మధ్యలో మగ్గాలు ఆడుతున్నాయి. పెద్దక్క పెదవులు కదిపింది.

"రేపు ఏం వేసుకుంటున్నావే?"

"నేను రావట్లేదు" అంది ఆమె, పెదవులతోనే.

"రాకపోతే ఇంటికొచ్చి ఈడ్చుకుపోతా."

"డిస్కోకి వెళ్లే వయసా మనది?"

"ఉద్యోగానికి నా వయసు దాటిందని కంపెనీవాళ్లు అన్నారు. డాన్సుకు దాటిందని ఎవరూ అనలేదు."

పాతవాళ్లంతా షెడ్డులో ఇలాగే మాట్లాడుకుంటారు. ఈ మోతలో గొంతు చించుకున్నా లాభం లేదు. కొత్తగా చేరినవాళ్లకు ఈ విద్య రాదు. వాళ్లు వచ్చేనాటికి కంపెనీ అందరికీ హెడ్‌సెట్లు ఇచ్చింది. అవి షెడ్డు మోతను బయటే ఆపి, తోటివాళ్ల గొంతును మాత్రం చెవిలో వేస్తాయి. ఆమె కూడా రోజూ పెట్టుకుంటుంది. పెట్టుకోకపోతే మేస్త్రీ అడుగుతాడు. పెట్టుకున్నా ఆమెకు అందులో గుసగుస తప్ప మాట తెలియదు. ఆ సంగతి షెడ్డులో పెద్దక్క ఒక్కదానికే తెలుసు.

చెవులు పోయినట్టు తేలినవాళ్లను కంపెనీ మగ్గాల దగ్గర ఉంచదు. ప్రమాదమని మడతల గదికి పంపుతుంది. షెడ్డులో పోయిన చెవులకు షెడ్డు బయట చోటు చూపిస్తారు. మడతల గదిలో మోత ఉండదు. ఆడవాళ్లు బల్ల చుట్టూ కూర్చుని, తలలు వంచుకుని బట్ట మడతపెడుతూ రోజంతా కబుర్లు చెప్పుకుంటారు.

షిఫ్టు దిగాక బట్టలు మార్చుకునే గదిలో ఆమె బూట్ల తాళ్లు విప్పుకుంటూ ఉంది. చుట్టూ కాళ్లు ఆగిపోవడం గమనించి తల ఎత్తింది. అందరూ తనవైపే చూస్తున్నారు. వెనక్కి తిరిగితే గుమ్మంలో మేస్త్రీ ఉన్నాడు. ఏదో అడిగి జవాబు కోసం ఎదురుచూస్తున్నట్టున్నాడు. ఆమె నవ్వింది. ఏం చేయాలో తోచనప్పుడు ఆమె నవ్వుతుంది.

గోడకు ఆనుకుని నిలబడ్డ టపాకాయ పెదవి విరిచింది. షెడ్డులో అందరికన్నా చిన్నది, నోరు మాత్రం పెద్దది కాబట్టి ఆ పిల్లకు ఆ పేరు.

"మహారాణిగారి కంటికి మనం ఆనం లెండి మేస్త్రీగారూ. దర్బారుకు దరఖాస్తు పెట్టుకోవాలి."

పక్కన కవలలు నోటికి చేతులు అడ్డం పెట్టుకున్నారు. వాళ్లు కవలలూ కారు, చుట్టాలూ కారు. ఒకరు తుమ్మితే రెండోవాళ్లు ముక్కు తుడుచుకుంటారని ఆ పేరు వచ్చింది.

పెద్దక్క సంచి తీసుకోవడానికన్నట్టు ఆమె ముందుకు వచ్చి నిలబడింది. "సోమవారం నుంచి నీకు జోడీ ఎవరో తేల్చుకోమంటున్నాడు. నేను పోతే నువ్వొక్కదానివి, మగ్గాల దగ్గర జోడీ లేకుండా ఎవరినీ ఉంచరు. టపాకాయ జోడీ రెండో షిఫ్టుకు మారింది కాబట్టి అదీ ఒక్కతే. మీ ఇద్దరూ కలిస్తే సరే. లేకపోతే ఆ పిల్లకు కొత్తమ్మాయిని ఇస్తాడు. నిన్ను మడతల గదికి పంపుతాడు."

"నాకు కొత్తమ్మాయే కావాలని నిన్ననే చెప్పాగా" అంది టపాకాయ. సంచి భుజాన వేసుకుని, ఆమెకు తగలకుండా పక్కకు ఒదిగి బయటికి వెళ్లింది.

"సోమవారం పొద్దున దాకా ఆలోచించుకోండమ్మా" అన్నాడు మేస్త్రీ. ఇప్పుడు ఆమె అతని మొహమే చూస్తోంది కాబట్టి ఆ మాట తెలిసింది.

*

ఇంట్లో ఆయన ఎప్పుడూ పిలవడు. ఆమె ఉన్న గదిలో దీపం స్విచ్చి ఒకసారి తీసి వేస్తాడు. ఆమె తిరుగుతుంది. ఎప్పటినుంచి ఇలా చేస్తున్నాడో, ఎందుకు చేస్తున్నాడో ఇద్దరూ ఎప్పుడూ మాట్లాడుకోలేదు. ఆయన లిఫ్టులు బాగుచేస్తాడు. చేతికి అంటిన గ్రీజు ఎంత కడిగినా గోళ్ల అంచున మిగులుతుంది.

దీపం ఆరి వెలిగింది. ఆమె తిరిగింది.

"రేపటి సంగతి పెద్దక్క ఫోన్ చేసి చెప్పింది. వెళ్లు."

"మెరిసేది ఏదైనా వేసుకుని రావాలట. నా దగ్గర మెరిసేవి ఏమున్నాయండీ, మీ బట్టతల తప్ప?"

"తీసుకుపో. సోమవారానికి తెచ్చి ఇచ్చెయ్."

ఆమె నవ్వింది. తర్వాత పొయ్యి మంట తగ్గించి, ఆయన కళ్లలోకి చూడకుండా, "నాతో జోడీ కట్టడానికి ఎవరూ లేరు" అంది. ఆయన ఏదైనా అన్నాడేమో ఆమెకు తెలియదు. ఆమె మళ్లీ పొయ్యి వైపు తిరిగిపోయింది. కాసేపటికి ఆయన వచ్చి పక్కన నిలబడి, కడిగిన గిన్నెలు తుడిచి అరలో పెట్టడం మొదలుపెట్టాడు.

*

పెద్దక్క తన రిటైర్మెంటుకు షెడ్డువాళ్లను పిలిచిన డిస్కో ఒక పాత గోదాములో ఉంది. మెట్లు దిగి లోపలికి వెళ్లాలి. బయట ఇంకా వెలుతురు ఉంది. గుమ్మం దగ్గర అబ్బాయి ఒక్కొక్కరి మణికట్టు మీద నక్షత్రం ముద్ర కొట్టాడు. పెద్దక్క రెండో చెయ్యి కూడా చాపింది.

"ఒకటే అమ్మా మనిషికి."

"నేనివాళ రిటైరయ్యాను నాయనా."

అతను రెండోదీ కొట్టాడు.

లోపల నేల గాజుపలకల నేల. కింద నుంచి ఎరుపు, నీలం, పసుపు దీపాలు వంతుల వారీగా వెలుగుతున్నాయి. కప్పు నుంచి అద్దం ముక్కల బంతి వేలాడుతోంది. అది తిరిగిన కొద్దీ వెలుగు చుక్కలు గోడల మీద, మనుషుల మీద పాకుతున్నాయి. బార్ వెనక ఉన్న కుర్రాడు గుబురు విగ్గు పెట్టుకుని, కింద గంటలా వెడల్పయిన ప్యాంటు వేసుకున్నాడు. అతను పుట్టకముందే పోయిన ఫ్యాషన్ అది.

పాట ఆమె రొమ్ముకు తగిలింది. పాదాల కింద నేల అదిరింది. చుట్టూ మనుషులు ఒకరి చెవిలో ఒకరు నోరు పెట్టి అరుస్తున్నారు. అయినా "ఏంటి? ఏంటి?" అంటున్నారు. ఆమె గుమ్మంలో ఒక్క నిమిషం ఆగింది. పొద్దున షెడ్డు తలుపు తీసినప్పుడు ఎలా ఉంటుందో అలా ఉంది. భుజాలు వాటంతటవే దిగాయి.

కవలలు, టపాకాయ కూడా వచ్చి బల్ల దగ్గర కూర్చున్నాక వెయిటర్ వచ్చి ఏదో అడిగాడు. కవలలు ఒకేసారి చెవులు ముందుకు పెట్టారు. అతను మళ్లీ అరిచాడు. టపాకాయ "ఆ?" అంది. అతను మూడోసారి అరవడానికి ఊపిరి తీసుకున్నాడు.

"గ్లాసులు అయిపోయాయట. కడిగేదాకా ఆగుతారా, సీసాలో తాగుతారా అంటున్నాడు" అంది ఆమె. "పళ్లరసంలో ఐసు కావాలా అనీ అడుగుతున్నాడు."

కవలలు ఆమె మొహం చూశారు. టపాకాయ కూడా చూసింది. చూసి, ఫోన్ తీసుకుంది.

పెద్దక్క సీసా సగం తాగి లేచింది. నేల మధ్యకు వెళ్లి నిలబడింది. పదిమంది కుర్రాళ్లు చుట్టూ ఎగురుతున్నారు. పెద్దక్కకు వాళ్ల డాన్సు రాదు. కాసేపు చేతులు నడుముకు పెట్టుకుని పాటను గమనించింది. తర్వాత వంగి అరచేతిని గాలిలో ఒక పక్క నుంచి రెండో పక్కకు జరిపింది. రెండు వేళ్లతో కొస పట్టుకుంది, ముడి వేసింది, కత్తిరించింది, మీట లాగింది. మీట లాగినప్పుడల్లా నడుము తిరిగింది. తాళం తప్పలేదు.

"ఏమే, చూస్తావేం? ఆ పక్క మగ్గం ఆగింది!" అంది అక్కడి నుంచే, పెదవులతో.

ఆమె లేచింది. ఎందుకు లేచిందో ఆమెకే తెలియదు. ఎదురుగా నిలబడి వంగింది, పోగు వెతికింది, ముడి వేసింది. కవలలు కేకలు వేస్తూ వచ్చారు. పాట రెండోసారి పల్లవికి వచ్చేసరికి పక్కనున్న కుర్రాళ్లు కూడా వరస కట్టి వంగి, ముడి వేసి, మీట లాగుతున్నారు. అదేమిటో వాళ్లకు తెలియదు. పెద్దక్క వాళ్ల మధ్య తిరుగుతూ మేస్త్రీలాగా వేలు చూపించి తప్పులు దిద్దుతోంది.

పెద్దక్క ఆమెకు ఎదురుగా వచ్చింది. చెమట కళ్లలోకి కారుతోంది.

"ఆ పిల్లతో మాట్లాడావా?"

"నాతో మాట్లాడదు అది."

"నువ్వు మాట్లాడావా అని అడిగాను."

ఆమె జవాబు చెప్పేలోపు కుర్రాళ్లు పెద్దక్కను మధ్యకు లాక్కుపోయారు.

అప్పుడు కనిపించింది టపాకాయ. నేలకు అటు చివర, జనం వెనక. ఒక పక్కకు ఒరిగి, ఎవరి భుజమో పట్టుకోబోయి జారింది. నోరు కదులుతోంది. దగ్గరలోనే ఉన్న కవలలు దానికి వీపు పెట్టి ఊగుతున్నారు. వెలుగు చుక్క టపాకాయ మొహం మీదుగా జరిగింది.

"చెప్పు ఇరుక్కుపోయింది. ఎవరన్నా రండే. నన్ను తొక్కేస్తున్నారు."

ఆమె మనుషుల్ని తోసుకుంటూ వెళ్లింది. ఇద్దరు అబ్బాయిల్ని భుజాలు పట్టుకుని వెనక్కి జరిపింది. టపాకాయ ముందు మోకాళ్ల మీద కూర్చుంది. చెప్పు మడమ రెండు గాజుపలకల మధ్య దిగి ఉంది. లాగితే విరుగుతుంది. ముందు పట్టీ విప్పి కాలు తీయించింది. తర్వాత మడమను అటూ ఇటూ కదిలించి బయటికి తీసింది. చెప్పు చేతికిచ్చి, నడుం పట్టుకుని మెట్ల దగ్గరికి నడిపించింది.

మెట్ల దగ్గర దీపం ఉంది. టపాకాయ ఒక కాలికి చెప్పుతో, ఒక కాలు వట్టిదిగా గోడకు ఆనుకుంది. ఊపిరి కుదుటపడ్డాక ఆమె మొహంలోకి చూసింది.

"నా గొంతు నాకే వినపళ్లేదు అక్కడ. పక్కనున్నవాళ్లకి వినపళ్లేదు. మీకెలా వినపడింది?"

అటే చూస్తున్నాను, పడబోవడం కనపడింది అని చెప్పొచ్చు. ఆ మాట నాలుక దాకా వచ్చింది.

"వినపడలేదు. నీ నోరు చూశాను" అంది ఆమె.

"అంత దూరం నుంచా?"

"షెడ్డులో ఇంతకన్నా దూరం."

"మరి గదిలో పక్కనే నిలబడి పిలిస్తే పలకరేం?"

"పక్కన నిలబడితే నోరు కనపడదు కదమ్మా."

టపాకాయ ఇంకేదో అనబోయి ఆగింది. చెప్పును ఈ చేతి నుంచి ఆ చేతికి మార్చుకుంది.

"అస్సలు వినపడదా?"

"మోత వినపడుతుంది. మాట వినపడదు."

"హెడ్‌సెట్లో?"

ఆమె తల అడ్డంగా ఊపింది.

టపాకాయ కుడిచేతి చొక్కా మడిచి, మళ్లీ కిందికి లాక్కుంది. "పోయిన నెల నా చొక్కా చెయ్యి మగ్గం బెల్టులో పడింది. నా వెనక సందులో మీరున్నారు. మీ పక్కనే మీట. హెడ్‌సెట్లో మిమ్మల్నే పిలిచాను. అక్కా, ఆపు అక్కా అని. మీరు అటు తిరిగి ముడి వేసుకుంటున్నారు. బట్ట చిరిగింది కాబట్టి చెయ్యి మిగిలింది. నేనంటే గిట్టక తిరగలేదనుకున్నా. ఇంటికెళ్లి మా అమ్మ దగ్గర ఏడ్చా."

ఆమెకు ఈ సంగతి తెలియదు. ఆ రోజు ఏదో గలభా జరగడం, ఎవరో టపాకాయను బయటికి తీసుకెళ్లడం చూసింది. కళ్లు తిరిగి ఉంటాయనుకుంది. ఎవరినీ అడగలేదు. అడిగితే జవాబు వినాల్సి వస్తుంది.

ఆమె మెట్టు మీద కూర్చుంది. టపాకాయ చెయ్యి పట్టుకుని మణికట్టు నుంచి మోచేతి దాకా తడిమింది, పోగు వెతికినట్టే. తర్వాత వదిలేసింది.

"నువ్వు మేస్త్రీకి చెప్పింది న్యాయమే. నాతో జోడీ కట్టకు. కొత్తమ్మాయిని తీసుకో. నేను మడతల గదికి పోతానని సోమవారం నేనే చెప్తా."

ఆ మాట బయటికి వచ్చాక ఆమెకు భయం వేయలేదు. అదే ఆమెకు ఆశ్చర్యంగా ఉంది.

టపాకాయ చెప్పు మడమకు అంటిన దుమ్ము తుడిచింది. లోపల పాట మారింది.

"మడతల గదిలో మా పిన్ని పనిచేస్తుంది" అంది. "అక్కడ ఎవరూ తలెత్తరు. అందరూ కిందికి చూస్తూ మాట్లాడుకుంటారు. అక్కడ మీరేం చేస్తారు?"



టపాకాయ గోడ వైపు తిరిగింది. వీపు ఆమెకు ఎదురుగా ఉంది. భుజాలు కదిలాయి. ఏదో మాట్లాడుతోంది. చిన్న మాట కాదు. మధ్యలో ఒకసారి ఆగి మళ్లీ చెప్పింది. ఆమె ఆ వీపునే చూస్తూ కూర్చుంది. టపాకాయ తిరిగేసరికి కళ్లు తడిగా ఉన్నాయి.

"ఏమన్నావు?"

"ఏం లేదు. వినపడుతుందో లేదో చూశా." ముక్కు తుడుచుకుంది. "నిజంగానే వినపడదు మీకు."

"ఏం అన్నావో చెప్పొచ్చు కదా."

"చెప్పను" అని, మెట్టు మీద ఆమె పక్కన కూర్చుని చెప్పు తొడుక్కుంది. పట్టీ పెట్టుకోవడానికి వేళ్లు కుదరలేదు. ఆమె వంగి పెట్టింది.

బస్సులో పెద్దక్క, ఆమె పక్కపక్కన కూర్చున్నారు. పెద్దక్క ఏదైనా చెప్పాల్సి వచ్చినప్పుడల్లా మొహం పూర్తిగా ఇటు తిప్పి చెబుతుంది. ఇన్నేళ్లూ అలాగే తిప్పింది. మెడ నొప్పి అని ఒక్కసారీ అనలేదు.

"అక్కా, ఇదంతా నా కోసమేనా? ఈ మోతలోకి అందరినీ తెచ్చింది?"

"నీ మొహం. నాకు డాన్సు చేయాలనిపించింది." పెద్దక్క మణికట్ల మీద నక్షత్రాలు చూసుకుంది. "మీ ఆయన లిఫ్టులకు వేసే చమురుంటే రేపు కాస్త పంపు. నడుం పట్టేసింది."

*

ఆదివారం ఆమె ఉతికిన బట్టలన్నీ మంచం మీద కుప్పపోసి మడత పెట్టడం మొదలుపెట్టింది. దీపం ఆరి వెలిగింది.

"ఈ పని నాది కదా" అన్నాడు ఆయన.

"సోమవారం నుంచి నాది. మడతల గదికి పోతున్నా."

ఆయన ఆమె మడిచిన చొక్కా ఎత్తి చూశాడు. కాలర్ ఒక పక్కకు, చేతులు ఒక పక్కకు ఉన్నాయి. "ఈ పనితనానికి అక్కడినుంచి కూడా పంపించేస్తారు" అన్నాడు. విప్పి, మంచం మీద పరిచి, ఎలా మడవాలో చూపించాడు. ప్రతి మడతకూ తల ఎత్తి ఆమె మొహం చూసి చెప్పాడు. ఆమె ఆయన నోరు చూడటం మానేసి ఆయన్నే చూస్తూ ఉండిపోయింది.

"ఏంటి?" అన్నాడు.

"ఆ దీపం సంగతి. మీరు చాలా మంచి పని చేశారు."

"ఏ దీపం?" అన్నాడు ఆయన, చొక్కా మడుస్తూ.

*

సోమవారం ఆమె బట్టలు మార్చుకోకుండా మేస్త్రీ కోసం నిలబడింది. వరసగా చెప్పాల్సిన మాటలు దారిలో కూర్చుకుంది. అతను గుమ్మంలోకి రాగానే ఎదురెళ్లింది.

"మేస్త్రీగారూ, నేనూ..."

టపాకాయ ఆమెను దాటుకుని వెళ్లి, మేస్త్రీ పక్కన నిలబడి ఇటు తిరిగింది. ఇద్దరి మొహాలూ ఆమెకు కనిపిస్తున్నాయి.

"జోడీ కుదిరింది మేస్త్రీగారూ. కొత్తమ్మాయిని ఇంకెవరికన్నా ఇవ్వండి. కానీ నా సందు మార్చాలి. పెద్దక్క సందు నాకు కావాలి."

"పెద్దక్క సందా? అక్కడ పంకా లేదు. నీ సందులో పంకా పెట్టించమని నా ప్రాణం తోడేశావు కదే. పెట్టి రెండు నెలలు కాలేదు."

"పంకా కింద జలుబు చేస్తోంది."

"నీకా?"

"మరి నాకు చేయకూడదా? జలుబు కూడా సీనియర్లకేనా?"

కవలలు నవ్వారు. మేస్త్రీ టపాకాయను చూశాడు, ఆమెను చూశాడు. ఆమె చెప్పబోయిన మాట ఇంకా పూర్తి కాలేదని అతనికి గుర్తుంది.

"నువ్వేదో అంటున్నావమ్మా?"

టపాకాయ పెదవులు కదిపింది, గొంతు లేకుండా. పళ్ల డాక్టరు ముందు కూర్చున్నట్టు నోరంతా తెరిచి, ఒక్కో అక్షరం విడదీసి. "వ-ద్-దు."

"ఏం లేదండీ" అంది ఆమె.

షెడ్డు తలుపు తెరిచారు. మోత వచ్చి మీద పడింది. ఆమె తన సందులోకి వెళ్లి, మగ్గాల మీద చెయ్యి వేసుకుంటూ చివరిదాకా నడిచి వెనక్కి తిరిగింది. వరసకు అవతల టపాకాయ నిలబడి ఉంది. హెడ్‌సెట్ చెవులకు ఉంది గానీ దాని మీద దీపం వెలగలేదు. దాని మీట నొక్కలేదు. పంకా లేని చోట అప్పుడే మెడ మీద చెమట పట్టింది. మోచేత్తో తుడుచుకుని, ఆమె చూస్తోందని గమనించి చెయ్యి ఊపింది.

"కనపడుతున్నానా?" అని మళ్లీ నోరు బార్లా తెరిచి అడిగింది.

"కనపడుతున్నావు. అంత నోరు తెరవకు, దూది పోతుంది లోపలికి" అంది ఆమె, పెదవులతో.

టపాకాయ కళ్లు చిట్లించింది. అర్థం కాలేదు. ఇంకా నేర్చుకోలేదు. ఆ విద్యకు ఆమెకే రెండేళ్లు పట్టింది.

ఆమె మగ్గం మీద రెండు చేతులూ ఆనించి, ఎదురు సందులోకి చూస్తూ, తొందర లేకుండా చెప్పింది. చెయ్యి పోగొట్టుకోబోయి కూడా నా ఎదురుగా వచ్చి నిలబడ్డావు తల్లీ, నీ రుణం ఉంచుకోను అని. పంకా సంగతి కూడా చెప్పింది. గొంతుతో ఎవరికీ చెప్పలేని మాటలు పెదవులతో అన్నీ చెప్పింది.

"ఏంటి?" అంది టపాకాయ. మగ్గం మీదికి వంగి, ఆమె నోటినే చూస్తూ, "ఏంటీ? మళ్లీ చెప్పు" అంది.

ఆమె నవ్వి, టపాకాయ పక్కనున్న మగ్గం మీద అప్పుడే వెలిగిన ఎర్ర దీపాన్ని వేలితో చూపించింది.